పత్తి చిక్కిన చోటు

ఈ వానలకు కుళాయి నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి. బిందెలో పటిక తిప్పుతుంటే వేళ్ళకు తగిలే ఆ జారుడు, నోట్లో పెట్టకుండానే నాలుకకు తెలిసే ఆ వగరు నన్ను నిలబడిన చోటే ఆపేస్తాయి. మా వీధి మలుపులో మంగలి దుకాణం నడిపిన తిమ్మప్ప అన్న గుర్తొస్తాడు. బడికి పోయి నేర్చుకున్నదాన్ని కాను నేను. నాకు గురువంటే ఆయనొక్కడే. ఆయన నాకు నేర్పింది గడ్డం గీయడం. నవ్వుకుంటే నవ్వుకోండి.

ఆయనా మా ఇంటాయనా చిన్ననాటి స్నేహితులు. రోజు విడిచి రోజు మా ఆయన ఆ దుకాణంలో గడ్డం గీయించుకుని, నున్నటి చెంప తడుముకుంటూ ఇంటి ముందు అరుగు మీద కూర్చునేవాడు. దారిన పోయే ఎవరినీ పలకరించకుండా వదిలేవాడు కాదు. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయాక ఆ అరుగు మానేశాడు. మూతి వంకరపోయింది, చొంగ కారేది. తిమ్మప్ప అన్న తన పెట్టె పట్టుకుని ఇంటికొస్తే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "వాన్ని పొమ్మను. నన్ను గిట్ల సూడొద్దు వాడు," అన్నాడు నత్తిగా. నెల తిరిగేసరికి మాసిన గడ్డంలో మెతుకులు ఇరుక్కునేవి. తిండి కూడా తగ్గించాడు. ఈ మనిషి మళ్ళీ అరుగెక్కకపోతే ఆ గదిలోనే ఆరిపోతాడని నాకు భయం పట్టుకుంది.

ఇంట్లో పాత ఇత్తడి రేజరు ఉంటే, రెండంచుల బ్లేడు బిగించి నేనే మొదలుపెట్టాను. మాడిన గిన్నె గీకినట్టు నొక్కాను. "నొప్పైతుందా?" అని మధ్యమధ్య అడిగాను. లేదన్నాడు. ఆ మాట నమ్మి ఇంకా నొక్కాను. తువ్వాలు ఎర్రబడ్డాక తెలిసింది, ఆ చెంపకు స్పర్శే లేదని.

ఏడ్చుకుంటూ దుకాణానికి పోయాను. తిమ్మప్ప అన్న అంతా విని, "ఆ చెంపను అడిగినవా చెల్లె? అది మాట్లాడదు," అన్నాడు. తర్వాత తానే పోయి గిరాకీలు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. "ఏడిస్తే గడ్డం పోదు. నా మొహం ఉన్నది, గీయి."

పరాయి మగవాడి చెంప ఎట్లా ముట్టుకునేది? నేను కదలకపోయేసరికి లోపలున్న భార్యను పిలిచాడు. "ఏమే, ఇట్లొచ్చి కూసో. నాకేమన్నయితే నువ్వే సాక్షి." ఆమె వెల్లుల్లి చాట పట్టుకొచ్చి కూర్చుంది. "ఆ మొహానికి కొత్తగ పోయేదేంది, గీయమ్మా," అంది పొట్టు ఊదుతూ.

అట్లా మధ్యాహ్నాలు, దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు నా చదువు సాగింది. ముందు వేడినీళ్ళ గుడ్డ. తర్వాత బ్రష్షుతో నురుగు, వెంట్రుకలు మెత్తబడేదాకా. "రేజరు బరువు రేజరుకున్నది. నీ బరువు దానికెందుకు?" అని కసిరేవాడు. "ముందు దాని తల చెంపకు ఆనియ్యి. పిడి మెల్లగ దించు. యాడ గరగర ఇనబడ్తదో, గదే దాని వాలు. చప్పుడు పోయిందా, చెయ్యి ఆపు. ఆడ వెంట్రుక లేదు, ఉట్టి తోలే." పెదవి కింద, గదుమ దగ్గర ఒకసారి లోతుగానే కోశాను. పటిక అద్దుకుని, "నాకు మంట తెలుస్తది. వానికి తెల్వదు. వాని బదులు నువ్వు తెలుసుకోవాలె," అన్నాడు.

ఒకరోజు నా చేతిలో ఇంత పత్తి పెట్టాడు. "చెంప మీద దువ్వు. యాడ చిక్కితే ఆడ మళ్ళ నురుగు పెట్టి గీయి. జిన్నింగు మిల్లుల ఇరవై ఏండ్లు పత్తిల చెత్త ఏరినవు. ఈ పని నీ వేళ్ళకు నేను నేర్పాల్నా?" నా వేళ్ళకు ఏదైనా వచ్చని అప్పటిదాకా నాతో ఎవరూ అనలేదు.

ఆ వారమే మా ఆయనకు చుక్క నెత్తురు రాకుండా గీశాను. ఎడమ చేత్తో చెంప తడుముకుని, "ఎవరు నేర్పిన్రు?" అన్నాడు.

"తిమ్మప్ప అన్న. ఆయన గదుమ మీద నేను పెట్టిన గాటు ఉన్నది, పోయి సూడు."

సగం మూతితోనే నవ్వాడు. అరుగు మీదికి తీసుకుపొమ్మన్నాడు. ఆ దారిన పోతున్న తిమ్మప్ప అన్న ఆగి, ఎట్లున్నావని అడగలేదు. వేలి వెనకతో చెంప రాసి చూసి, "చెవి కింద రెండు ఇడిసింది నీ పెండ్లాం," అన్నాడు.

"ఆగు. రేపు నీ దుకాణం మూయిస్తది," అన్నాడు మా ఆయన.

ఆ తర్వాత నాలుగేళ్ళు రోజూ ఆ అరుగు మీద కూర్చున్నాడు.

మా ఆయన పోయిన రోజు, స్నానం చేయించాక, ముక్కులో పెట్టమని ఎవరో నా చేతికి పత్తి ఇచ్చారు. నా చెయ్యి దానంతటదే గదుమ మీద దువ్వింది. పత్తి చిక్కింది. "తిమ్మప్పా, గడ్డం పని కానియ్యి, పొద్దుపోతున్నది," అన్నారు పెద్దలు. ఆయన నా చేతిలోని పత్తి చూశాడు. పెట్టె తెరిచి, నురుగు కలిపి, రేజరు నాకే ఇచ్చాడు. "అది ఆమె చేతి కింది మొహం. నేను ముట్ట," అన్నాడు. ఆడదానితోనా అని ఎవరో గొణిగారు. ఆయన తల తిప్పలేదు. ఆ రోజు మా ఆయన మొహమంతా ఆ కుడి చెంపలాగే ఉంది. నేను ఏమీ అడగలేదు, విన్నాను. గరగర ఆగిన చోటల్లా చెయ్యి ఆపాను.

తిమ్మప్ప అన్న కూడా ఇప్పుడు లేడు. నేను చెబుతుంటే ఈ మాటలు రాస్తున్న మా కోడలు, మొన్న గిన్నెలు దబదబా పడేస్తూ పని చేసింది. ఏమైందని అడిగితే, "ఏం లేదత్తా," అంది. నొక్కి అడగలేదు నేను. పక్కన పీట వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాను. రెండు గుప్పెళ్ళు అయ్యేసరికి తానే చెప్పడం మొదలుపెట్టింది.