రాడార్‌కి అందని వాన

మొన్న భోగాపురంలో దిగాల్సిన మా విమానం సముద్రం మీద చుట్లు కొట్టడం మొదలెట్టింది. ముందు ఉరుముల మబ్బులున్నాయి, ఆలస్యమవుతుందని పైలట్ చెప్పాడు. మాట్లాడుకున్న కారు వెళ్ళిపోతుందని పక్క సీటాయన విసుక్కున్నాడు. నేను కిటికీవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. తమ్ముడు గుర్తొచ్చాడు.

వాడు చిన్న అద్దె విమానాలు నడిపేవాడు. సెలవుకి రాజాం వస్తే అమ్మ చేపలపులుసు వడ్డిస్తూ విమానంలోని రాడార్ గురించి అడిగేది. చాన్నాళ్ళు దాన్ని రేడియో అనుకుంది పాపం. "అది కిరణం పంపుతాదమ్మా. వాన సినుకులికి తగిలి తిరిగొస్తాది. సన్నవానైతే తెర మీద ఆకుపచ్చగా, జోరువానైతే ఎర్రగా అవుపిస్తాది. సీకట్లోనైనా సరే. ఎరుపు సూస్తే దూరంగా తిప్పీడమే" అనేవాడు.

"మరింక భయమేటిరా?" అంది అమ్మ ఒకసారి. వాడు అబద్ధం చెప్పలేకపోయాడు. "ఎదురుగా పెద్దవానుంటే కిరణం అందులోనే ఇంకిపోతాది. ఆ ఎనకాల తెర నల్లగా ఉంటాది. అక్కడేటున్నాదో తెలీదు."

అమ్మ ఇంకో ముక్క వేసి, "నలుపున్నకాడికి ఎల్లకు" అంది.

"వాన లేని ఆకాశం కూడా తెర మీద నలుపేనమ్మా" అని నవ్వాడు.

ఒక వేసవి చివర, మధ్యాహ్నం పూట, ప్రయాణికులెవరూ లేని విమానాన్ని వాడూ, ఇంకో పైలటూ తీసుకొస్తున్నారు. తోవలో గాలివాన పట్టుకుంది. విమానం పొలాల్లో కూలింది. రెండో అతను కాలు విరిగి బతికాడు. తమ్ముడు బతకలేదు.

కొన్నాళ్ళకి అతను చేతికర్రతో మా ఇంటికొచ్చాడు. తలెత్తకుండానే చెప్పాడు: "ఎర్రటి మబ్బుని తప్పించామమ్మా. దాని వెనక తెర నల్లగా ఉంది. దీన్ని నమ్మలేం అని ఆయన ఇంకా పక్కకి తిప్పుతూనే ఉన్నారు. ఈలోపే వడగళ్ళు పడ్డాయి. ముందద్దం పగిలిపోయింది."

అమ్మ ఒక్కటే అడిగింది. "నా కొడుకు భయపడ్డాడా బాబూ?"

"తెలీదమ్మా. బెల్టు బిగించుకో అని నాతో అన్నారు. అదే ఆఖరి మాట."

 అమ్మ లేచి పీట వేసి అతనికి అన్నం పెట్టింది. పప్పు కంచం బయట పడింది. "తిను నాయినా. నువ్వైనా వొచ్చావు" అంది. అతను ముద్ద చేతిలో పట్టుకునే ఏడ్చాడు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఏటా వచ్చి ఆ పీట మీదే భోంచేసి వెళ్ళేవాడు. తమ్ముడి మాట మాత్రం ఇద్దరూ ఎత్తేవారు కాదు.

మా విమానం ఆలస్యంగానే అయినా క్షేమంగా దిగింది. బయట నా కొడుకు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. వాడు నిరుడే, తమ్ముడు పోయేనాటి వయసు దాటాడు. నా వెనక పుట్టిన తమ్ముడు ఇప్పుడు నా కొడుకు కన్నా కూడా చిన్నవాడు, ఇక ఏడాది ఏడాదికీ ఇంకా చిన్నవాడవుతూనే ఉంటాడు.