తాళం చూసి కొట్టివేసిన పేరు

మా కాలనీ సంక్షేమ సంఘం వారి వార్షిక సంచికలో నన్ను గురించి ఒక పేరా అచ్చయింది. ఓటర్ల జాబితాలో చనిపోయినవారి పేర్లను, రెండుసార్లు నమోదైన పేర్లను, ఊరు విడిచిపోయినవారి పేర్లను దగ్గరుండి తొలగింపజేసిన బాధ్యత గల పౌరుడినని అందులో ఉంది. ఆ సంచిక ఇంటింటికీ చేరింది. నా శ్రద్ధ వల్ల ఓటు పోగొట్టుకున్న ఒక స్త్రీ ప్రస్తావన మాత్రం అందులో లేదు. ఉండే అవకాశమూ లేదు, ఎందుకంటే ఆ సంగతి నేను సంఘంలో ఎవరికీ చెప్పలేదు. అచ్చులో ఉన్నదే నిలిచిపోకూడదని ఇది రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. ఆమె పేరు రాసే అర్హత నాకు లేదు. తక్కినవారి పేర్లతో ఈ విషయానికి పని లేదు.

నేను ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి పటమటలో స్థిరపడ్డాను. హాజరు పట్టీల మధ్య జీవితం గడిపినవాడిని. చాలాకాలం బడికి రాని పిల్లల పేర్లు ఎర్ర సిరాతో కొట్టివేయడం అప్పట్లో నా విధుల్లో ఒకటి. ఆ గీత గీసేటప్పుడు చేయి వణకకూడదని నా దగ్గర పనిచేసిన ఉపాధ్యాయులకు చెప్పేవాడిని. పట్టీ సరిగా లేని బడి బడే కాదని నా నమ్మకం. ఓటర్ల జాబితా విషయంలోనూ నా అభిప్రాయం అదే. అయిదేళ్లకొకసారి వేలికి సిరా పూయించుకుని ఇంటికి పోతే పౌరుడి పని తీరిపోదనీ, నడుమ కాలంలో కూడా ఒళ్లు వంచి పనిచేయాలనీ సంఘం సమావేశాల్లో చాలాసార్లు అన్నాను. ఆ మాటను ఇప్పటికీ వెనక్కి తీసుకోను. దాన్ని నేను ఎలా ఆచరించానన్నదే ఇక్కడి విషయం.

ఎన్నికలకు ముందు చలికాలంలో ముసాయిదా జాబితా వచ్చింది. మా పోలింగ్ కేంద్రం పరిధిలోకి మా కాలనీతో పాటు కాలువ గట్టు మీది ఇళ్లు కూడా వస్తాయి. కాలనీ వీధుల సంగతి రెండు రోజుల్లో తేలిపోయింది. గట్టు మీద మాత్రం ఒకే ఇంటి నంబరు కింద మూడు నాలుగు కుటుంబాలు నమోదై ఉన్నాయి. చూస్తేనే నాకు చిరాకు కలిగింది. జాబితా, స్కేలు, పెన్సిలు పట్టుకుని వరుసగా మూడు ఆదివారాలు అక్కడికి వెళ్లాను.

ఒక రేకుల ఇంటికి మూడుసార్లూ తాళమే కనిపించింది. జాబితాలో ఆ ఇంట ఉన్నది ఒక్క స్త్రీ పేరు. భర్త పేరు చనిపోయినవారిలోకి అంతకు ముందే వెళ్లిపోయింది. మూడో ఆదివారం పక్కింటి అరుగు మీద వల బాగుచేసుకుంటున్న ముసలాయనను అడిగాను.

"లేదండి. ఎల్లి నెల దాటింది" అన్నాడు.

"ఇంట్లో సామానేమైనా ఉందా?"

"ఏం సామానండీ, నాలుగు గిన్నెలు, ఓ మంచం. దాన్ని ఎవరెత్తుకుపోతారు? వస్తే ఏమన్నా సెప్పమంటారా?"

"అక్కర్లేదు" అన్నాను.

ఎక్కడికి వెళ్లిందని అడగలేదు. ఎప్పుడు వస్తుందని అడగలేదు. ఆ పేరు పక్కన 'నివాసం లేదు' అని రాసుకుని, ఇంటికి వచ్చి, తొలగింపు కోరే దరఖాస్తును స్పష్టమైన అక్షరాలతో పూర్తి చేశాను.

వారం తర్వాత దాన్ని విచారించడానికి మా ఇంటికి వచ్చిన ఉద్యోగిని చిన్న అమ్మాయి. వార్డు సచివాలయంలో పనిచేస్తుంది.

"మాస్టారూ, గట్టు మీదోళ్లు సీజన్‌కి కొల్లేరు వైపు వెళ్తుంటారండి. ఈమె కూడా అలాగే వెళ్లిందేమో. చుట్టుపక్కల అడిగి ఫోన్ నంబరు కనుక్కోనా అండీ?"

"నిబంధన ఏమంటోంది?"

"తలుపుకి నోటీసు అంటించి గడువివ్వాలండి. పలక్కపోతే తీసేయొచ్చు."

"అయితే అంటించండి. మనం చేయవలసింది పరిశీలనమ్మా, పరామర్శ కాదు."

ఆ అమ్మాయి తల వంచుకుని రాసుకుంది. నా వాక్యం నాకు బాగుందనిపించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒకనాడు భోజనం దగ్గర నా భార్య అన్న మాట కూడా రాయాలి.

"ఏమండీ, మన చేపలామె కొల్లేరులో వాళ్ల తమ్ముడి దగ్గరికి వెళ్లిందట. మాఘం దాకా రాదట. ఫోన్ చేసి చెప్పింది."

"అయితే వేరే ఆమె దగ్గర తీసుకో."

"వేరే వాళ్లు ఈవిడలా కోసిస్తారా? ఒక్క పొలుసు ఉంటే కంచం తోసేస్తారు మీరు. మీకు తినడమే తెలుసు."

ఆరేడేళ్లుగా మా గేటు ముందు కత్తిపీట వేసుకుని చేపలు కోసిచ్చిన మనిషి ఆమె. మేము ఆమెను చేపలామె అనేవాళ్లం. ఆమె నన్ను మాస్టారనీ, నా భార్యను అమ్మగారనీ పిలిచేది. పేరు ఏమిటో, ఎక్కడుంటుందో నేను ఏనాడూ అడగలేదు. నా దగ్గరున్న జాబితా ప్రతిలో ఫోటోలు లేవు. పేరు, వయస్సు, ఇంటి నంబరు మాత్రమే ఉన్నాయి. నేను తొలగింపజేస్తున్న పేరూ, నా భార్య ఎదురుచూస్తున్న మనిషీ ఒక్కరేనని నాకు తోచలేదు.

మాఘంలో ఆమె తిరిగి వచ్చింది. మళ్లీ వారానికి రెండుసార్లు మా గేటు ముందు కూర్చుంది. అప్పటికి తుది జాబితా వచ్చేసింది. పేరు చేర్పించడానికి మాత్రం ఇంకా గడువుంది. ఆ నెలల్లో ఏ ఒక్క రోజున పేరడిగినా సరిచేసేవాడిని. అడగలేదు.

పోలింగ్ రోజున, నిబంధన ప్రకారం కేంద్రానికి రెండు వందల మీటర్ల అవతల, మా సంఘం తరఫున బల్ల వేసుకుని వృద్ధులకు వరుస సంఖ్యలు వెతికి ఇస్తున్నాను. ఆమె వచ్చింది. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని ఉంది.

"మీరే ఉన్నారా మాస్టారూ! నా నంబరు కాస్త సూసిపెట్టండి. రేపు మంచి కొర్రమీను తెస్తా."

"ఇక్కడ అలాంటి మాటలు అనకూడదమ్మా."

"చేప మాటకే పట్టుకుపోతారేంటండీ?" అని నవ్వి, ప్లాస్టిక్ కవరులోంచి కార్డు తీసి ఇచ్చింది.

కార్డు మీద ఆ పేరు చూశాను. జాబితా తెరవకుండానే అది ఏ పేజీలో ఉందో నాకు తెలుసు. అయినా తెరిచాను. గడి మీద అడ్డంగా 'తొలగించబడినది' అని ఉంది.

"ఇక్కడ కనిపించడం లేదు. లోపల అడుగుదాం" అని ఆమెతో పాటు కేంద్రం గుమ్మం దాకా నడిచాను. లోపలి అధికారి తన ప్రతి చూసి చెప్పాడు.

"మీ పేరు తొలగించారమ్మా. మేమేం చేయలేం."

"ఎవరు తీసేశారు సారూ?"

"ఇంట్లో ఉండటం లేదని ఎవరో దరఖాస్తు పెట్టుంటారు."

"ఇంట్లో లేకపోతే లోకంలో లేనట్టా? చేప బతికుందో సచ్చిందో మొప్ప ఎత్తి సూసి సెప్తాం మేం. మనిషిని ఎదురుగా పెట్టుకుని కాయితం సూస్తారేంటండీ?"

వరుసలో ఉన్నవారు నవ్వారు. "లైను ఆగిపోయింది పిన్నీ, బయటికెళ్లి పోట్లాడుకో" అన్నాడొకడు. ఆమె బయటికి వచ్చింది. గుమ్మం పక్కన నిలబడి ఉన్న నాతో, కోపం లేకుండానే అంది:

"ఏడాదంతా నన్నెవరూ పేరెట్టి పిలవరండి. ఇక్కడే గట్టిగా సదువుతారు. ఇనటానికి బాగుంటది. తలుపుకి ఏదో కాయితం ముక్క అంటుకునుంటే కరెంటోళ్లదేమో అనుకున్నా మాస్టారూ."

"వచ్చేసారి చూద్దాంలేమ్మా" అన్నాను. అంతకు మించి పిరికి మాట నేను ఏనాడూ పలకలేదు.

తొమ్మిది రోజులు ఊరుకున్నాను. పదో రోజు ఆమె మా గేటు ముందు చేప కోస్తుండగా, కొత్తగా పేరు నమోదుకు కావలసిన దరఖాస్తును సంతకం తప్ప అంతా నింపి తీసుకువెళ్లాను. నా భార్య పక్కనే ఉంది. మూడు ఆదివారాల సంగతి, తాళం సంగతి, ఫోన్ చేద్దామన్న అమ్మాయికి నేనిచ్చిన జవాబు వరుసగా చెప్పాను.

ఆమె చేయి ఆగింది.

"మీరాండీ?" అంది. చేపను పక్కన పెట్టి, "అమ్మగారికి సెప్పే ఎల్లానుగా మాస్టారూ" అంది.

నా భార్య నా వైపు చూడలేదు. నేను దరఖాస్తు ముందుకు చాచాను.

"వద్దులెండి. ఫోన్ చేద్దామందని అన్నారే, ఆ పిల్ల దగ్గరే రాయించుకుంటా."

మిగిలిన చేప కోసి, ముక్కలు కడిగి, గిన్నెలో పెట్టి, నేల మీద పొలుసు కూడా ఎత్తుకుని వెళ్లింది. ఇప్పటికీ మా వీధికి వస్తుంది. నా భార్యతో ఎప్పటిలాగే మాట్లాడుతుంది. నన్ను మాత్రం సారు అంటోంది. కాగితాల మీద సంతకాలు పెట్టే వారందరినీ ఆమె అలాగే పిలుస్తుంది. తర్వాత వచ్చిన జాబితాలో ఆమె పేరు కోసం వెతికాను. కనిపించలేదు. వెళ్లి రాయించుకుందా లేదా అని అడిగే చనువు నాకిప్పుడు లేదు.

ఆ మూడు ఆదివారాల్లో నేను తాళాలు చూసి రాసిన ఇళ్లు ఆమెదొక్కటే కాదు. ఆమె మా గేటు ముందుకు వచ్చే మనిషి కనుక నాకు తెలిసింది. తక్కినవారిలో ఎవరు నిజంగా వెళ్లిపోయారో, ఎవరు తిరిగి వచ్చి పోలింగ్ రోజున వెనుదిరిగారో నాకు తెలియదు. నా చిత్తు కాగితాలు దాచలేదు. రోజుల లెక్కలోనూ, మాటల వరుసలోనూ నేను పొరబడి ఉండవచ్చు. చదివినవారిలో గట్టు మీది ఇళ్ల గురించి తెలిసినవారు ఉంటే, ఇందులో తప్పుగా రాసినదీ, రాయకుండా వదిలినదీ చూపించండి. మా సంఘం కార్యాలయానికి వచ్చి, సంచికలోని పేరాను ఎదురుగా పెట్టి, అందరి ముందూ చెప్పినా సరే. నేను కూర్చుని రాసుకుంటాను.