ఎడమచేత్తో రాసిన ఉత్తరం

మా ముత్తాత వెంకటరాయుడుగారు రామచంద్రపురం తాలూకాలో నాలుగు ఊళ్ళకు పెద్ద. తగవు వస్తే కోర్టుకు పోయేముందు ఆయన దగ్గరికి వచ్చేవారు. మా తాత జగన్నాథరావుగారు కాలువలో పడవ మీద వెళుతుంటే గట్టున నడిచేవాళ్ళు ఆగి, ఆయన దాటిపోయాక కదిలేవారట. నేను చూడలేదు, విన్నాను. విన్నదాన్నే చూసినట్టుగా యాభై ఏడేళ్ళు బతికాను. ఇంటిపేరు రాయను. రాస్తే ఈ జిల్లాలో ఇంకా కొందరు గుర్తుపడతారు. గుర్తుపడతారని నాకు భయమో ఆశో చెప్పలేను.

పదకొండేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను అని మొదలుపెట్టాలనుకున్నాను. బరువు అనేది మర్యాద గల మాట. జరిగింది అంత మర్యాదగా లేదు. నా చేతి కింద ఆడిన ఒక కుర్రవాడి బతుకు పాడు చేశాను. కోపంలో చేయి జారి కూడా కాదు. ఒక మధ్యాహ్నమంతా తీరిగ్గా కూర్చుని చేశాను.

నేను బాస్కెట్‌బాల్ కోచ్‌ని. యూనివర్సిటీకి ఆడి, తర్వాత మా ఊరి హైస్కూల్లో వ్యాయామోపాధ్యాయుడిగా చేరాను. మా నాన్నగారి కాలానికే పొలాలు చాలావరకు పోయాయి కనుక ఆ జీతం ఇంటికి అవసరమే. ఊళ్ళో మాత్రం ఆయనకేం, సరదాకి చేస్తున్నారని చెప్పుకునేవారు. నేను కాదనలేదు. స్కూలు వెనక కోర్టు ఉన్న స్థలం మా తాతగారు ఇచ్చింది. రాతిపలక మీద ఆయన పేరుంది. భూపరిమితి చట్టం కింద ఎలాగూ పోయే నేల అది, పోయేలోగా స్కూలుకి రాసిచ్చి పేరు మిగుల్చుకున్నారని మా నాన్నగారే ఒకసారి నాతో అన్నారు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆ కోర్టు మీద పాతికేళ్ళు ఆట నేర్పాను. జిల్లా జూనియర్ జట్టుకు హెడ్ కోచ్‌నయ్యాను. మంచి కోచ్‌నే. ఇది గొప్పకు చెప్పడం లేదు, ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. నేను గీత గీస్తే పిల్లలు ఆ గీత మీదే పరుగెత్తేవారు. ఎందుకు అని అడిగినవాడు లేడు. సత్తిబాబు తప్ప.

సత్తిబాబు తండ్రి అప్పారావు కొబ్బరి దింపు తీసేవాడు. తోట మా చేతిలో ఉన్నన్నాళ్ళు మా చెట్లు కూడా అతనే ఎక్కాడు. తండ్రి పైనుంచి గెలలు కోసి వదులుతుంటే, సత్తిబాబు కింద కాయలు ఏరి, నిలబడ్డచోటు నుంచే దూరంగా ఉన్న రాశి మీదికి విసిరేవాడు. ఒక్క కాయ కూడా పక్కకి దొర్లేది కాదు. ఆ చేతులు చూసి నేనే వాడిని ఆరో తరగతిలో చేర్పించాను. అంతవరకు వాళ్ళ అమ్మమ్మగారి ఊళ్ళో ఏ కాగితమూ లేని చదువేదో చదివాడు. దరఖాస్తు నేనే నింపాను. పుట్టినరోజు ఎప్పుడని అడిగితే, పెద్ద తుఫాను వచ్చిన ఏడు, సరిగ్గా తుఫానుకి వారం ముందు పుట్టాడని అప్పారావు చెప్పాడు. నేను రెండేళ్ళు తగ్గించి రాశాను. వయసు తక్కువుంటే జూనియర్స్‌లో ఇంకో రెండేళ్ళు ఆడవచ్చు. అందరూ చేసే పనే అనుకున్నాను. అప్పారావుకి చెప్పే చేశాను. మీ ఇష్టమండి అన్నాడు. అసలు తారీఖు పంచాయతీ జనన రిజిస్టరులో ఉంది. దరఖాస్తులో ఉన్నది అబద్ధమని నాకూ ఆ తండ్రీకొడుకులకే తెలుసు.

వాడు ఆరడుగుల నాలుగంగుళాలు పెరిగాడు. ఇంటర్‌కి వచ్చేసరికి వాడి ఆట చూడటానికి ద్రాక్షారామం నుంచి కూడా జనం వచ్చేవారు. జిల్లా మ్యాచ్ అనేవారు కాదు, సత్తిబాబు మ్యాచ్ అనేవారు. నేను నేర్పినదాన్ని వాడు సగం దాకా చేసి, అక్కణ్ణుంచి తన దారిన పోయేవాడు. తన దారే బాగుండేది. అది నాకు అప్పుడే తెలుసు. కోచ్‌కి తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసిన కొద్దీ గట్టిగా అరిచేవాణ్ణి. పది రౌండ్లు పరుగెత్తమంటే, ఎందుకండి అని అడిగి, జవాబు కోసం ఒక క్షణం చూసి, నవ్వుతూ పరుగెత్తేవాడు.

ఆ ఏడు అంతర్‌జిల్లా ఫైనల్ తణుకులో జరిగింది. ఆఖరి ఇరవై సెకన్లు. ఒక్క పాయింటు వెనకబడ్డాం. టైమవుట్ తీసుకుని, బంతి కెప్టెన్‌కి ఇమ్మని సత్తిబాబుకి చెప్పాను. కెప్టెన్ మా పెదనాన్నగారి మనవడు. ఆ సంగతి నా నిర్ణయంలో ఉందా? లేదనే ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. ఉంది. సత్తిబాబు బంతి ఇవ్వలేదు. ముగ్గురి మధ్య నుంచి పైకి లేచి తనే వేశాడు. గెలిచాం. జనం వాడిని భుజాల మీదికి ఎత్తుకున్నారు. నేను పక్కన నిలబడి చప్పట్లు కొట్టాను.

మర్నాడు సాయంత్రం మా కోర్టు మీద, జట్టంతా చూస్తుండగా, వాడిని ముందుకు రమ్మన్నాను.

"నిన్న నీకు నేనేం చెప్పాను?"

"బంతి కెప్టెన్‌కి ఇమ్మన్నారండి."

"మరి?"

"ఇస్తే మ్యాచ్ పోయేదండి."

"ఇది మా తాతగారు ఇచ్చిన కోర్టు. దీని మీద నిలబడి నాకే ఎదురు చెబుతావా?"

వాడు కోర్టు వైపు ఒకసారి చూశాడు. "కోర్టు మీ తాతగారిదేనండి. బంతి కాదు కదండి."

ఎవరో నవ్వారు. తిరిగి చూస్తే మా కెప్టెనే. సత్తిబాబు నవ్వలేదు. ఇప్పుడు తలచుకుంటే, వాడు ఎగతాళికి అనలేదనే అనిపిస్తుంది. ఉన్న సంగతి చెప్పాడు. ఆ రెండు ముక్కల్లో రెండు అండీలున్నాయి. మర్యాద ఎక్కడా తగ్గలేదు, అందుకే నేను ఏమీ చేయలేకపోయాను. తిట్టి ఉంటే ఒక దెబ్బ వేసి ఊరుకునేవాణ్ణి. నా ముత్తాత అయితే ఏం చేసేవారు అని ఆ రోజు ఎన్నిసార్లు అనుకున్నానో. నా ముత్తాతతో ఎవరూ అలా అని ఉండరు. అదే కదా నన్ను తినేసింది.

మూడు వారాలకు రాష్ట్ర జట్టు శిక్షణ శిబిరానికి పేర్లు వచ్చాయి. మా జిల్లా నుంచి వాడొక్కడే. ఆ శిబిరం దాటితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం దాదాపు ఖాయం. అప్పారావు అప్పటికే చెట్టు మీంచి పడి నడుము దెబ్బతిని ఇంట్లో ఉన్నాడు. ఆ ఇంటికి ఉన్న ఆధారం అదొక్కటే. ఇది తెలియక చేశానని మీరు అనుకోకూడదు.

పేరు లేని ఉత్తరాన్ని మనవైపు ఆకాశరామన్న ఉత్తరం అంటారు. మా తాతగారికి అలాంటివి చాలా వచ్చేవట. విప్పి, కింద సంతకం లేదని చూడగానే చదవకుండా పొయ్యిలో వేయించేవారట. సంతకం పెట్టలేనివాడు మనిషి కాడని ఆయన మాట. ఆ ఇంట్లోనే, ఆయన బల్ల మీదే, నేను ఎడమచేత్తో రాశాను. అక్షరాలు నావిలా కనిపించకూడదని నాలుగుసార్లు రాశాను. ఫలానా ఆటగాడి వయసు తప్పు, ఫలానా పంచాయతీ జనన రిజిస్టరు చూడండి. అంతే. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. చాలాకాలం నాకు అదే ఆసరా. నియమం నియమమే కదా, నిజమే చెప్పాను కదా అని. ఆ నిజానికి ముందున్న అబద్ధం నేను కుడిచేత్తో రాసినదే అన్న సంగతి దగ్గరికి రాగానే ఆలోచన ఆపేసేవాణ్ణి.

మా ఊరి పోస్టాఫీసు ముద్ర పడకూడదని ద్రాక్షారామం వెళ్ళి డబ్బాలో వేశాను. వేశాక భీమేశ్వరస్వామి దర్శనం చేసుకున్నాను. ఏం మొక్కుకున్నానో గుర్తు లేదు.

ఉత్తరం అందుకున్న రాష్ట్ర బాస్కెట్‌బాల్ అసోసియేషన్ వాళ్ళు ముగ్గురు వచ్చారు. హెడ్మాస్టర్ గదిలో కూర్చున్నారు. కోచ్‌ని కనుక నేనూ ఉన్నాను. ఉత్తరం నాకే చూపించి, ఎవరు రాసి ఉంటారని అడిగారు. ఎవరో గిట్టనివాళ్ళు అన్నాను. తర్వాత నేను నింపిన దరఖాస్తు తీశారు. చేతిరాత నాది. కొడుకు భుజం పట్టుకుని వచ్చిన అప్పారావు ఆ కాగితాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"నేనే తప్పు చెప్పానండి. చదువు లేనోణ్ణి, ఏడు లెక్క తప్పానండి. మేస్టారికేం తెలీదండి," అన్నాడు.

సత్తిబాబుని అడిగారు. నాన్న చెప్పినట్టే సార్ రాశారని వాడు కూడా అన్నాడు. ఒక్క మాట చాలు నా ఉద్యోగం పోవడానికి. వాళ్ళిద్దరూ ఆ మాట అనలేదు. నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పలేదు. వాళ్ళు నన్ను కాపాడారా, లేక పెద్దింటివాడి పేరు చెప్పడానికి వెరచారా? ఏదైనా నాకు సిగ్గే. కానీ ఆ రోజు నాకు సిగ్గు వేయలేదు. ఊపిరి పీల్చుకున్నాను.

రెండేళ్ళు ఆడకూడదని తేల్చారు. శిబిరం పోయింది. వాడు మా ఇంటికి వచ్చి, అసోసియేషన్ పెద్దవాళ్ళతో ఒకసారి మాట్లాడమని అడిగాడు. మాట్లాడతానన్నాను. మర్నాడు రామచంద్రపురం బస్టాండు దాకా వెళ్ళి, కాఫీ తాగి, తిరిగి వచ్చి, చాలా చెప్పి చూశాను వినలేదు అన్నాను. థాంక్సండి అన్నాడు. రెండేళ్ళు పూర్తయ్యేసరికి వాడు లారీ క్లీనర్. బంతి పట్టుకోవడం మళ్ళీ ఎవరూ చూడలేదు.

పోయిన వేసవిలో సత్తిబాబు లారీతో మా ఇంటికి వచ్చాడు. రాజమండ్రి కలప వ్యాపారి లారీకి ఇప్పుడు అతనే డ్రైవర్. క్యాబిన్‌లోంచి దిగడానికి నడుము బాగా వంచాలి. అప్పారావు పోయి ఆరేళ్ళయిందని చెప్పాడు. మోకాళ్ళు ఎలా ఉన్నాయండి అని నన్ను అడిగాడు. సరుకు ఎక్కించే కూలీలు టీకి వెళ్ళారు. మేమిద్దరమే ఉన్నాం.

"సత్తిబాబూ, నీతో ఒక మాట చెప్పాలి," అన్నాను.

అతను చేతులు తుడుచుకుని వచ్చి నిలబడ్డాడు. నా ముఖంలోకి చూస్తూ ఎదురుచూశాడు. అతనికి తెలుసా? తెలిసే నిలబడ్డాడా?

"వెనక తాడు వదులుగా ఉంది. బిగించు," అన్నాను.

అలాగేనండి అని వెళ్ళి బిగించాడు.

అతనికి చెప్పలేనిది మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కనుక చెప్పగలుగుతున్నాను. ఇందులో ధైర్యం ఏమీ లేదు, కింద సంతకం ఇప్పుడు కూడా లేదు. క్షమించమని అడగను. అడగవలసిన మనిషి వేరు, అడగవలసిన చోటు వేరు. కానీ ఇది కుడిచేత్తో రాశాను, నా అసలు అక్షరాలతో. పదకొండేళ్ళలో మొదటిసారి ఛాతీ కొంచెం వదులైనట్టుంది. అంత మాత్రానికైనా నేను తగుదునా అని కూడా అడుగుతున్నాను.

ఆ రోజు లారీలో వెళ్ళినవి మా ఇంటి టేకు దూలాలు, మండువా స్తంభాలు, సింహద్వారం. ఇంటి స్థలం అంతకు ముందు ఏడాదే రైస్‌మిల్లు వాళ్ళకి అమ్మేశాం.