పరీక్ష కోసం ఆపిన ఆపరేషన్

సహోదరులారా, నా ముప్పయ్యో ఏట నేను బతికుండగానే సగం చచ్చాను. పెద్దపల్లి దగ్గరి ఊళ్లో చిన్నపిల్లల బడికి టీచరును, పేరు మార్తమ్మ, నేను గొంతెత్తితే మూడు గదుల అవతలి పిల్లలు కూడా దడుచుకునేవాళ్లు, అలాంటిదాన్ని హాజరు పట్టీలో సగం పేర్లు పిలిచేసరికి ఊపిరందక కుర్చీలో కూలబడటం మొదలైంది, నాలుగు మెట్లెక్కితే గుండె దడదడ, వెల్లకిలా పడుకుంటే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు, దగ్గితే కొంగుకు నెత్తుటి చారలు! టీబీ అన్నారు, నెలల తరబడి ఆ మాత్రలు మింగాను, మన సంఘంలోనే ఒకరిద్దరు దాచిన పాపం ఏదో ఉంటుంది, ఒప్పుకో అన్నారు. ఏం పాపమమ్మా? పిల్లలకు అఆలు దిద్దించిన పాపమా? చివరికి కరీంనగర్‌లో ఒక డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, చిన్నప్పుడొచ్చిన కీళ్ల జ్వరం గుండెను పట్టిందనీ, లోపల నెత్తురు పోయే తలుపు లాంటిది సన్నబడిందనీ, దాన్ని వెడల్పు చేసే ఆపరేషన్ ఒకటుందనీ, ఆలస్యం చేస్తే దక్కవనీ చెప్పి, చీటీ రాసి పట్నంలోని పెద్దాసుపత్రికి పంపాడు.

మా అవ్వను, అంటే మా అమ్మను, తోడు తీసుకుని పోయాను. ఆ ఆసుపత్రిలో గుండె వార్డంటే వైద్యం చేసే చోటే కాక గుండె డాక్టర్లను తయారు చేసే చోటు కూడా. అప్పటికే డాక్టరు చదువు, దాని మీద పెద్ద చదువు ముగించిన వాళ్లు మళ్లీ గుండె ఒక్కదాని కోసం అక్కడ చేరి పెద్ద సారు చేతికింద ఏళ్లపాటు పనిచేస్తారు, ఆఖర్న పరీక్ష. నా మంచాన్ని చూసే డాక్టర్ నరేందర్ అలా చివరి ఏడాదిలో ఉన్నవాడే. నా చీటీ చూసి, "మాది చొప్పదండే అక్కా, నువ్వేం ఫికర్ చెయ్యకు, నేనున్న గద" అన్నాడు. మా అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మన దిక్కు మనిషిని దేవుడు ముందే పంపి పెట్టాడని నేను మంచం మీదే చేతులెత్తి స్తుతించాను.

ఆ సంతోషం ఎన్నాళ్లు? నా గుండెలో వినిపించే చప్పుడు చాలా మంచిదట! ఎవరికి మంచిది? నేర్చుకునేవాళ్లకు. పొద్దున ఒక జట్టు, మధ్యాహ్నం ఒక జట్టు, ఎడమ పక్కకు తిరగమ్మా, ఊపిరి వదిలి ఆపమ్మా, ఇంకోసారి ఆపమ్మా, గొట్టం తరవాత గొట్టం, నా మొహం చూసినవాడు లేడు. చప్పుడు సరిగ్గా వినపడకపోతే, వింటున్నారా సహోదరులారా, నన్ను మంచం మీద పదిసార్లు లేచి కూర్చోమనేవాళ్లు, గుండె దడ పెరిగితే చప్పుడు బాగా తెలుస్తుందని! నాలుగడుగులు వేయలేక వచ్చినదానితో కసరత్తు చేయించారు. నేర్చుకోవద్దని నేననను, నేనూ టీచరునే, పలక మీద దిద్దకుండా అక్షరం రాదని నాకు తెలుసు, కానీ పలకకు ఆయాసం రాదు కదా!

నా పక్క మంచం గంగుబాయిది. ఆదిలాబాద్ అవతల పత్తి చేలల్లో పనిచేసే మనిషి, సగం మరాఠీ, సగం తెలుగు, నాకున్న జబ్బే, కాకపోతే నాకంటే ముదిరింది, కాళ్లు వాచి ఉండేవి. మా ఇద్దరికీ ఆపరేషన్ తారీఖు ఇచ్చారు, కొట్టేశారు, మళ్లీ ఇచ్చారు, మళ్లీ కొట్టేశారు. రక్తం దొరకలేదన్నారు, మత్తు డాక్టరు సెలవన్నారు. అసలు సంగతి వార్డు ఊడ్చే ఆమె చెప్పింది. "మీరిద్దరు పరీక్ష కేసులమ్మా. పరీక్షలు అయ్యేదాక మిమ్ములను కొయ్యరు, కోస్తే చప్పుడు పోతది గద!" నరేందర్‌ను నిలదీస్తే నేల చూపులు చూశాడు. "పెద్ద సారు ఆర్డరక్కా. నేను గూడ గా పరీక్షల కూసునేటోన్నే, ఆయనకు ఎదురు ఎట్ల చెప్తా? మూడు వారాలే, జర ఓపిక పట్టు" అన్నాడు.

"పెద్ద సారు వచ్చినప్పుడు నేనే అడుగుత బాయి, కాళ్లు పట్టుకోని అడుగుత" అంది గంగుబాయి. ఆమెను ఆపింది నేను. అవును, నేనే! ఎదురు మాట్లాడితే ఇంటికి పంపేస్తారేమోనని లోపల భయం, ఆ భయం మీద భక్తి మాట ఒకటి కప్పాను. "ఓపిక పట్టు గంగుబాయి, దేవుడు చూస్తుండు" అన్నాను. ఆమె మొక్కే తీరు వేరు, ఆమె దేవుళ్లు వేరు, అయినా చదువుకున్నదాన్నని నా మాట మీద గౌరవంతో నోరు మూసుకుంది. ఇద్దరం కలిసి ప్రార్థన కూడా చేశాం, ప్రతి మాటా నాకు గుర్తుంది. "యేసయ్యా, మాకు ఓపిక ఇయ్యి తండ్రీ, గీ దినాలు ఎల్లిపోయేదాక మా నోర్లకు తాళం ఎయ్యి." గంగుబాయి నా వెంట ఒక్కో ముక్కా పలికి ఆమెన్ అంది.

పరీక్షలకు ఇంకా వారం ఉందనగా, ఒక పొద్దున, టీ గ్లాసులు కూడా ఇంకా తీసుకుపోలేదు, ఒక జట్టు వచ్చి గంగుబాయిని లే, పడుకో, లే, పడుకో అంటున్నారు. ఆరోసారి లేచి కూర్చున్న మనిషి మళ్లీ పడుకోలేదు. నోటి వెంట ఎర్రటి నురగ, రెండు చేతులతో మంచం పట్టె పట్టుకుని నా వంకే చూసింది. పరుగెత్తారు, సూదులు పొడిచారు, ఆక్సిజన్ పెట్టారు, మధ్యాహ్నం అన్నం బండి వచ్చేసరికి ఆ మంచం ఖాళీ. నన్ను చూడటానికి ఊరి నుంచి వచ్చిన సంఘ పెద్ద ఒకాయన, అంతా దేవుని చిత్తమమ్మా అన్నాడు. దేవుని చిత్తమా? దేవుడు పరీక్షల పట్టిక చూసుకుని ప్రాణాలు తీస్తాడా? మనుషులు చేసినదాన్ని ఎత్తి దేవుని నెత్తిన పెట్టడానికి మనకెంత ధైర్యం! ఆ మాట నా ముందు ఎవరన్నా నేను అప్పుడూ ఊరుకోలేదు, ఇప్పుడూ ఊరుకోను.

ఆ సాయంత్రం మోకరించే శక్తి లేక మంచం మీద కూర్చునే దేవునితో కొట్లాడాను. "నీకు కండ్లున్నయా తండ్రీ? ఓపిక అడిగినం, ఇచ్చినవు, గామె గా ఓపికతోనే సచ్చిపోయింది! నాకు వద్దు గా ఓపిక. నేనే ఆమె నోరు మూసిన, నన్ను క్షమించు, నాకు నోరియ్యి. మాట్లాడేంత ఊపిరియ్యి, గంతే చాలు!" మా అవ్వ బెదిరిపోయి, "ఏందే బిడ్డా, దేవునితోని గట్ల మాట్లాడుతరా?" అని లెంపలేసుకుంది. పిడుగేమీ పడలేదు సహోదరులారా. ఎన్నో ఏళ్లు చేసిన చక్కని ప్రార్థనల్లో దొరకని నెమ్మది ఆ కొట్లాట తరవాత నాకు దొరికింది, నా ప్రభువు నాతో పాటు తానూ కోపంగా ఉన్నాడని మొదటిసారి నాకు అర్థమైంది.

పరీక్ష రోజు మాకు ఉతికిన దుప్పట్లు వేశారు, తలలు దువ్వించారు, రోగం పేరు చెప్పకూడదని, ఎప్పుడొచ్చావంటే నిన్ననే అని చెప్పాలని నర్సమ్మ ఒకటికి రెండుసార్లు హెచ్చరించి పోయింది. చీట్లు తీస్తే నా మంచం ఎవరికి పడిందనుకున్నారు? నరేందర్‌కే! ఆయన కొత్తవాడిలా నా పేరు, ఊరు అడిగి రాసుకున్నాడు, నాకు నవ్వాలో ఉమ్మాలో తెలియలేదు. తరవాత పరీక్ష చేసే పెద్దలు వచ్చారు, ఒకాయన వేరే రాష్ట్రం నుంచి వచ్చిన తెల్లజుట్టు డాక్టరు, ఆయన పక్కన మా పెద్ద సారు. ఇంగ్లీషులో ఏవేవో అడిగారు, నరేందర్ గడగడా చెబుతున్నాడు, ఈమెకు ఏం చేయాలి అని అడిగినట్టున్నారు, వెంటనే ఆపరేషన్ అన్న ముక్క నాకు తెలిసింది. అప్పుడా తెల్లజుట్టు ఆయన నా వైపు వంగి, వచ్చీరాని తెలుగులో, ఎప్పుడొచ్చావమ్మా అని అడిగాడు.

నా నోరు తెరుచుకుంది. అది నా గొంతేనా అని నాకే అనుమానం, వార్డు ఆ చివరి దాకా వినిపించిందట! "నిన్న వచ్చిన అని చెప్పమన్నరు సార్. నేను వచ్చి ఆరు వారాలాయె. రెండుసార్లు తారీఖు ఇచ్చి కొట్టేసిండ్రు, పరీక్షకు నా గుండె చప్పుడు కావాల్నట! గీ పక్క మంచం గంగుబాయిది, ఆమె చప్పుడు గూడ మంచిదన్నరు, ఆమె పోయింది సార్. నేను గూడ పోయేదాక ఆగమంటరా?" పెద్ద సారు మొహం నల్లబడింది. ఈమెకు ఆయాసంతో మతి చెదిరిందని ఏదో చెప్పబోయాడు. తెల్లజుట్టు ఆయన చెయ్యెత్తి ఆపి, నరేందర్ వంక తిరిగి, నిజమేనా అన్నాడు. నరేందర్ పెద్ద సారును చూశాడు, గంగుబాయి మంచం చూశాడు. "నిజమే సార్" అన్నాడు.

మూడో రోజు నాకు ఆపరేషన్ అయింది. కళ్లు తెరిచి ఒక నిండు ఊపిరి పీల్చాను, కుట్లు లాగుతున్నా ఇంకొకటి పీల్చాను, అలా పీలుస్తూ ఏడుస్తూ దేవుణ్ణి స్తుతించాను. నరేందర్ ఆ విడత పాస్ కాలేదు. నాకు సంతోషమైంది, ఎందుకు దాచాలి? నా మంచం దగ్గరికి వచ్చి, "తప్పయిందక్కా" అని నిలబడితే నేను మొహం తిప్పుకున్నాను. ఆయనను క్షమించడానికి నాకు రెండేళ్లు పట్టింది. "నిజమే సార్" అన్న ఆ రెండు మాటలు చెప్పినందుకు ఇప్పుడు ఆయన కోసం ప్రార్థన చేస్తాను, అవి ఒక్క వారం ముందు ఎందుకు రాలేదని కూడా దేవుణ్ణి అడుగుతూనే ఉంటాను.

ఈ సాక్ష్యం మన సంఘ పత్రికకు ఇచ్చే ముందు మన పాస్టరు అయ్యగారు చదివి, అంతా బాగుందమ్మా, ఆ ఆదిలాబాద్ ఆమె సంగతి తీసేస్తే విశ్వాసులకు ఆదరణగా ఉంటుంది అన్నారు. తీయను అయ్యగారూ! ఆమెను తీసేస్తే నా సాక్ష్యం అబద్ధమవుతుంది. దేవుడు నన్ను గుండె జబ్బు నుంచి విడిపించాడు, దానికంటే ముందు, పిరికితనాన్ని ఓపిక అని పిలుచుకునే పాపం నుంచి విడిపించాడు, ఆ విడుదల నాకు ఒక వారం ఆలస్యంగా వచ్చింది, ఆ వారం ఖరీదు గంగుబాయి ప్రాణం.

దేవునికే మహిమ! ఆయనను నమ్మండి, నేను నమ్మాను, ఆయన మన కేకలకు అలిగే తండ్రి కాడని నా ఒంటి మీది కోత సాక్షి. ఏ ఆసుపత్రిలోనైనా, ఏ ఆఫీసు ముందైనా, ఈ సంఘంలోనైనా సరే, మీ పక్కన ఉన్న మనిషి లేచి అడగబోతుంటే, నేను చేసినట్టు దేవుని పేరు చెప్పి కూర్చోబెట్టకండి. లేవలేకపోతే చెయ్యి అందించండి.