అంజూర చెట్టు మలుపు

సీతారామారావు గారి మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు. గుళ్ళో కనబడితే నమస్కారం పెడతాను, ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతాను, ప్రసాదం ప్లేటు అందిస్తాను. లోపల మాత్రం కుతకుతలాడుతూనే ఉంటాను. ఆయన చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

నేను చెప్పాలనుకున్నది ఆయన భార్య సూర్యకుమారి గారి గురించి. మేమంతా కెనడాలో, ఎడ్మంటన్‌లో మిల్‌వుడ్స్ పేట వైపు ఉంటాం. వాళ్ళది తణుకు, మాది కరీంనగర్. పదహారేళ్ళ కిందట నేను ఆ వీధిలోకి వచ్చినప్పుడు, మొదటి చలికాలం నన్ను షాపుకి లాక్కెళ్ళి స్నో బూట్లు కొనిపించింది ఆవిడే. యూనివర్సిటీ లైబ్రరీలో, జనం చదివి తిరిగిచ్చిన పుస్తకాలు సర్దే ఉద్యోగం ఇరవై నాలుగేళ్ళు చేశారు. పుస్తకాల మధ్య జనం ఏం మర్చిపోతారో ఆవిడ చెబుతుంటే పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. బస్సు టికెట్లు, షాపింగ్ చీటీలు, ఒకసారి సగం కొరికిన బిస్కెట్టు.

అలా సర్దుతుండగా ఒకరోజు దక్షిణ ఇటలీ బొమ్మల పుస్తకం చేతికొచ్చింది. అందులో ఒక ఫోటో. కొండ మీదకి పోయే రోడ్డు మలుపు తిరుగుతోంది. మలుపులో మోకాలెత్తు రాతి గోడ, గోడ మీదకి వాలిన అంజూర చెట్టు, కింద మొత్తం సముద్రం. మరాతెయా అనే ఊరి పైన ఉందట ఆ మలుపు. ఆవిడ ఆ పేజీని కలర్ కాపీ తీయించుకుని ఇంటికి తెచ్చి, బేస్‌మెంట్‌లో గోంగూర దాచుకునే పెద్ద ఫ్రీజర్ తలుపుకి అంటించారు. అక్కడికి సైకిల్ మీద వెళ్ళి, ఆ గోడ మీద కూర్చుని సముద్రం చూడాలి. ఆవిడ కోరిక అదొక్కటే. బంగారం అడగలేదు, పెద్ద ఇల్లు అడగలేదు.

ఇంతకీ అప్పటికి ఆవిడకి సైకిల్ తొక్కడమే రాదు. యాభై రెండో ఏట, కూతురు ప్రియ చదువుకోసం వాంకూవర్ వెళ్ళిపోయాక, ఆ పిల్ల వదిలేసిన ఊదారంగు సైకిల్‌ని స్కూల్ పార్కింగ్ లాట్‌కి నడిపించుకెళ్ళి నేర్చుకోవడం మొదలుపెట్టారు. రెండుసార్లు పడ్డారు. ఒకసారి మోచెయ్యి చీరుకుపోయింది. ప్రియ ఫోన్‌లో, "మామ్, ప్లీజ్ స్టాప్, యూ ఆర్ నాట్ ఎ కిడ్" అని గోల. ఈవిడ, "పిల్లనైతే నేనూ భయపడేదాన్నే, ఇప్పుడు భయమేంటే?" అని నవ్వేవారు.

మా ఊళ్ళో అక్టోబర్ చివర్నుంచి ఏప్రిల్ దాకా సైకిల్ మాట ఎత్తేవాళ్ళు తక్కువ. ఆవిడ బేస్‌మెంట్‌లో సైకిల్‌ని స్టాండుకి బిగించి, ఫ్రీజర్ ఎదురుగా తొక్కేవారు. పైన స్టవ్ మీద కుక్కర్ పెట్టి కిందికి దిగేవారు. కుక్కర్ మూడు కూతలు కూసేదాకా బరువు గేరులో తొక్కితే ఒక కొండ ఎక్కినట్టు లెక్క. వేసవి ఆదివారాలు నేనూ ఇంకొందరూ ఆవిడతో కలిసి తొక్కేవాళ్ళం. కొత్తగా మాతో తొక్కడానికి వచ్చినవాళ్ళకి ఆ లెక్క అర్థమయ్యేది కాదు. మా ఊరి నది లోయ దారిలో ఏటవాలు వచ్చినప్పుడల్లా, "నీరజా, ఇది రెండు కూతల కొండే, తొక్కు" అని అరిచేవారు. నేను ఆయాసంతో తిట్టుకుంటూ తొక్కేదాన్ని.

రావు గారూ నేర్చుకున్నారు. ఆయన పైప్‌లైన్ కంపెనీలో ఇంజనీరు. రిటైరయ్యాక భార్యతో పాటు ఇటలీ వెళ్దామని ఆయనే మాటిచ్చారు. 2023 సెప్టెంబర్‌కి ఆరు రోజుల టూర్ బుక్ చేశారు. సాలెర్నో దగ్గర మొదలై, చిలెంటో తీరం వెంబడి దిగువకు వచ్చి, మరాతెయా మీదుగా లోపలి కొండల్లోకి. సామాను వ్యాన్‌లో వస్తుంది, మనం తొక్కుకుంటూ పోవడమే. నేను కూడా పేరిచ్చాను.

ఆ మార్చిలో రావు గారి అన్నయ్య వీరభద్రం గారు రాజమండ్రిలో పోయారు. ఈయన వెళ్ళి పదిహేను రోజులుండి వచ్చారు. ఏప్రిల్‌లో మళ్ళీ సైకిళ్ళు బయటికి తీశాం. టూర్ మాట అప్పుడేమీ మారలేదు. మే నెలలో ఒక ఆదివారం, నది ఒడ్డు నుంచి పైకొచ్చే నిటారు దారిలో రావు గారు సగంలో దిగిపోయి సైకిల్ నడిపించుకుంటూ వచ్చారు. ఆవిడ అప్పటికే పైకెక్కి, ఆయన కోసం చూసి, మళ్ళీ కిందకి దిగి, ఆయన పక్కనే రెండోసారి ఎక్కి వచ్చారు. అంతా నవ్వుకున్నాం. ఆయనా నవ్వారు.

జూన్ మొదటి వారంలో వాళ్ళింట్లో భోజనాల దగ్గర ఆయన కంచంలోకి చూస్తూ చెప్పారు. "అన్నయ్య పోయి ఏడాది తిరగలేదు. ఏటి సూతకంలో కొండ ఎక్కకూడదంటారు. ఈసారికి వద్దు కుమారీ. వచ్చే ఏడు వెళ్దాం."

ఆవిడ చేతిలో పప్పు గరిటె అలాగే ఆగింది. ఒక్క క్షణమే. "అలాగేనండీ. బావగారి తర్వాతే ఏదైనా" అన్నారు. నేనేమన్నానో తెలుసా? "అవునండీ, పట్టింపు పాటిస్తేనే మనసుకి నిమ్మళం" అన్నాను. నా నోరు నేనే కొట్టుకోవాలి. చాలా రోజుల తర్వాత మా గుడి పురోహితుణ్ణి అడిగితే, ఆ పట్టింపు ముఖ్యంగా కర్మ చేసిన కొడుక్కి, కొండంటే దేవుడి కొండ, తమ్ముడికి ఆ పన్నెండు రోజులతో సరి అన్నారు. ఇటలీలో కొండకీ రాజమండ్రి సూతకానికీ ముడిపెట్టిన ఘనత మాదే. ఆ జూన్‌లో మా ముగ్గురిలో ఎవ్వరమూ ఆ మాట అడగలేదు. ఒకరు కావాలనే అడగలేదని తర్వాత తెలిసింది.

2024 జనవరిలో సూర్యకుమారి గారికి తలనొప్పులు మొదలయ్యాయి. నమిలితే దవడ నొప్పి. పంటి నొప్పేమో అనుకుని లవంగం పెట్టుకుని తిరిగారు. ఒక పొద్దున లేచేసరికి కుడికంటికి చూపు లేదు. ఆసుపత్రిలో మందులు ఎక్కిస్తుండగానే రెండు రోజులకి ఎడమకన్ను కూడా పోయింది. కంటి నరాలకి రక్తం అందలేదట. ఎడమ చివర కొంచెం వెలుగు మాత్రం మిగిలింది. కిటికీ ఎటుందో తెలుస్తుంది, కిటికీలో ఏముందో తెలియదు.

నేను ఆసుపత్రిలో ఏడుస్తుంటే ఆవిడే నా చెయ్యి తడుముకుని పట్టుకున్నారు. "ఆ మలుపు కాపీ ఫ్రీజర్ మీద నుంచి తియ్యకండి. ఎక్కడుందో నాకు తెలియాలి" అన్నారు.

ఏడాది పైన ఆవిడ ఇల్లు కదల్లేదు. తర్వాత ఎవరో చెప్పారు, చూపు లేనివాళ్ళు జంట సైకిల్ తొక్కుతారని. ముందొకరు కూర్చుని హ్యాండిల్ పడతారు, వెనక ఒకరు. రెండు జతల పెడళ్ళకీ లంకె గొలుసు ఒకటే, ఒకరు ఆపితే రెండోవాళ్ళ కాళ్ళూ ఆగుతాయి. ఆవిడ ఆ మాట విన్న రోజు సాయంత్రమే భర్తతో అన్నారు. "మీరు ముందు కూర్చోండి. నాకు చూపించినట్టు చెప్పండి. వెళ్దాం."

రావు గారు ఆ వేసవంతా ఒళ్ళొంచి కష్టపడ్డారు. ఎనిమిది కిలోలు తగ్గారు. నది ఒడ్డు దారిని వెనక భార్యని కూర్చోబెట్టుకుని ఆగకుండా ఎక్కారు. అది చూసి నేను చప్పట్లు కొట్టాను కూడా. అప్పుడు ఎక్కలేని మనిషి ఇప్పుడెలా ఎక్కుతున్నాడని నాకు తట్టనే లేదు.

2025 సెప్టెంబర్ ఆఖరున బయల్దేరాం. వాళ్ళ జంట సైకిల్ ముందు, నేను వెనక. మొదటి రెండు రోజులు సముద్రం కుడివైపే ఉంది. ఆయనకి వర్ణించడం ఎక్కడొచ్చు? "ఐదు శాతం గ్రేడియంట్. రోడ్డు వెడల్పు ఆరు మీటర్లు" అనేవారు. ఆవిడ, "నేను టెండర్ వెయ్యట్లేదండీ. నీళ్ళు ఏ రంగో చెప్పండి" అనేవారు. ఆయన చాలాసేపు ఆలోచించి, "ప్రియ సెవెంత్ గ్రేడ్ స్వెటర్ ఉందే, ఉతికాక వెలిసిన రంగు. అది" అన్నారు. ఆవిడ సంతోషపడిపోయారు. అప్పట్నుంచి అన్నీ ఇంటి వస్తువులతోనే చెప్పారు. పాలినూరో దగ్గర కొండరాయి మినపసున్ని రంగు. చేపల పడవలు మనింటి డబ్బాల మూతల్లా రంగురంగులు. అవి విని ఆవిడ నవ్వుతుంటే నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఈ మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం.

ఐదో రోజు మరాతెయా దాటాం. ఎండ చురుక్కుమంటోంది. ఊరి పైనుంచి కొండెక్కే రోడ్డు. నా ఫోన్‌లో ఆ ఫోటో ఉంది, ప్రతి మలుపునీ దాంతో పోల్చుకుంటున్నాను. వాళ్ళు నాకు రెండు గజాల ముందు, నడిచే వేగంతో ఎక్కుతున్నారు. మాటలన్నీ వినబడుతున్నాయి.

"ఇంకా ఎన్ని కూతలండీ?" అని అడిగారావిడ.

"రెండు కొండలు. ఆరు కూతలు" అన్నారాయన ఆయాసపడుతూ.

"ఏమండీ, ఒకటి చెప్పనా? ఆ ఏడు రాలేకపోయామని నేనెప్పుడూ బాధపడలేదు. మీ అన్నయ్య కోసం ఆగాం. పోయినాయనకి మర్యాద చేశాం. నా కళ్ళు పోవడం ఎలాగూ రాసుంది. కనీసం మంచిపని కోసం ఆగామని నాకు తృప్తి. రోజూ పడుకునే ముందు అదే అనుకుంటాను."

నాలుగు చుట్లు తిరిగాయి పెడళ్ళు. తర్వాత ఆయన గొంతు వినబడింది.

"అన్నయ్య కోసం కాదు కుమారీ."

"ఏంటండీ?"

"ఆ మే నెలలో నది దగ్గర దిగిపోయాను చూడు. నువ్వు పైదాకా ఎక్కి, మళ్ళీ నా కోసం దిగొచ్చావు. సిగ్గేసింది. ఇటలీలో రోజూ అలాగే ఉంటుందని భయమేసింది. ఎక్కలేనని నీతో చెప్పలేకపోయాను. సూతకం వంక పెట్టాను. ఒక్క ఏడాదేగా, ఈలోపు ప్రాక్టీస్ చేద్దామనుకున్నాను. నాకేం తెలుసు కుమారీ, నాకేం తెలుసు..."

ఆవిడ కాళ్ళు ఆగిపోయాయి. దాంతో ఆయన కాళ్ళూ ఆగాయి. సైకిల్ ఒరగబోతే ఆయన రెండు పాదాలూ నేలకి ఆనించి నిలబెట్టారు. నేనూ దిగాను. ఆయన వెనక్కి తిరగలేదు. తిరిగినా ఆవిడకి కనబడేది కాదు.

"నీరజా, వెనకున్నావా?"

"ఉన్నానండి."

"నీకు తెలుసా ఇది?"

"తెల్వదు. ఒట్టు, నాకు తెల్వదండి."

ఆవిడ ఏడవలేదు, అరవలేదు. తన ముందున్న హ్యాండిల్ మీద వేళ్ళు బిగించి, ఆయన వీపు ఉన్న వైపుకి మొహం పెట్టి మెల్లగా అన్నారు.

"ఎక్కలేనని ఒక్క మాట అనుంటే నేనొక్కదాన్నే వచ్చేదాన్ని కదండీ. నీరజ ఉంది, వ్యాన్ ఉంది. రెండు కళ్ళతో చూసి, ఇంటికొచ్చి మీకు చెప్పేదాన్ని. మీకంటే బాగా చెప్పేదాన్ని."

ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారు. "దిగుదామా కుమారీ? వ్యాన్‌ని పిలవనా?" అన్నారు.

"దిగి ఎక్కడికి పోను? మీ మీద కోపమొచ్చి వెళ్ళిపోవాలన్నా మీరే తీసుకెళ్ళాలి. తొక్కండి."

తొక్కారు. నాలుగు కాళ్ళూ ఒక్కలాగే తిరుగుతున్నాయి. నా కళ్ళకి నీళ్ళడ్డమొచ్చి రోడ్డు సరిగా కనబడలేదు. ఒక మలుపు దాటాం, ఇంకొకటి దాటాం. మూడో మలుపులో రాతి గోడ ఉంది. గోడ మీదకి వాలిన అంజూర చెట్టు ఉంది, ఫోటోలో కంటే పెద్దదైంది. ఎండలో ఆ ఆకుల వాసన రోడ్డంతా నిండిపోయింది.

రావు గారి వేగం తగ్గింది. "కుమారీ, ఇదే. గోడ ఉంది. చెట్టుంది" అన్నారు.

ఆవిడకి వాసన ముందే తెలిసిందనుకుంటాను. తల ఒక్కసారి అటు తిరిగింది. పదేళ్ళు ఫ్రీజర్ తలుపు మీద చూసిన చోటు, చెయ్యి చాపితే గోడ అందుతుంది. మళ్ళీ తల ముందుకి తిప్పేసుకున్నారు.

"ఆపకండి" అన్నారు. "పోనివ్వండి."

ఆయన ఆపలేదు. ఆపడానికి ఆయనకి హక్కు కూడా లేదనిపించింది నాకు. జంట సైకిల్ మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

నేనొక్కదాన్నే ఆగాను. ఆ గోడ మీద కూర్చుని, ఆవిడ చూడాల్సిన సముద్రాన్ని రెండు కళ్ళతో చూశాను. ఫోటోలో కంటే చాలా బాగుంది. ఆ మాట ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు.