ఇంకా రిబ్బను తెగని వంతెన

మా ఊరికీ మందస రోడ్డుకీ మధ్యనున్న గెడ్డ మీది కల్వర్టు పోయిన వానాకాలంలో కొట్టుకుపోయింది. ఇబ్బంది ఊరంతటిదే అయినా అసలు చిక్కు మా బావది, అంటే మా అక్క భర్తది. ఆయనకి కిడ్నీలు పనిచేయవు. సోమ, బుధ, శుక్రవారాలు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకోకపోతే మనిషి దక్కడు. ఆటో అవతలి ఒడ్డునే ఆగిపోయేది. ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురం తొడలలోతు నీళ్లలో మోసుకెళ్లేవాళ్లం. పెళ్లిలో కూడా తననిలా ఊరేగించలేదని ఆయన నవ్వేవాడు. మాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

సర్కారు వంతెన ఎస్టిమేటు దశలో ఉందన్నారు. ఆ దశ ఎన్నాళ్లుంటుందో మా ఉద్దానం ప్రాంతంలో పుట్టిన ఎవరికైనా తెలుసు. అంచేత ఆటో వెళ్లేపాటి వంతెన కొబ్బరి మానులతో మేమే వేసుకుందామని కమిటీ పెట్టుకున్నాం. దస్తూరీ బాగుంటుందని నన్ను కార్యదర్శిని చేశారు. నేనూ పొంగిపోయాను. తోట ఉన్న ప్రతి ఇల్లూ ఒక మాను ఇవ్వాలని తీర్మానం రాశాను.

మావాళ్లు ఇవ్వడానికి వెనకాడే రకం కాదు. ఏది ఇవ్వాలన్న దగ్గరే కాస్త ఆలోచిస్తారు. మా దగ్గర కాసే కొబ్బరిచెట్టు కన్నకొడుకుతో సమానం, దాని మొదట్లో గొడ్డలి పెట్టడం పాపం. కనక ఒకరు పురుగు తిన్నది ఇచ్చారు, ఒకరు పిడుగు పడ్డది ఇచ్చారు. కమిటీ అధ్యక్షుడైన మా ఊరి పెద్దాయన, తుఫానుకి పడిపోయి ఇన్నేళ్లుగా తన పశువులశాల వెనక పుట్టగొడుగులు మొలిపిస్తున్న మానుని మేళంతో సహా పంపించాడు.

బావ గట్టున కుర్చీ వేయించుకుని, కత్తి మడమతో ఒక్కో మానునీ తట్టి చూశాడు. మోత వింటూనే డొల్ల అని చెప్పేసేవాడు. ఒక్కటీ బండి బరువు ఆపదన్నాడు. ఇచ్చినవాళ్లకి కోపాలొచ్చాయి. జబ్బు మనిషికి అన్నీ జబ్బుగానే కనబడతాయన్నారు. కమిటీ అత్యవసరంగా సమావేశమై, ఎవరి మనసూ నొప్పించకుండా అన్నిటినీ వాడాలని తీర్మానించింది. దాన్నీ చక్కటి దస్తూరీతో రాశాను.

మర్నాడు బావ తన పెరట్లో నిండు కాపు మీదున్న రెండు చెట్లు కొట్టించాడు. అక్క కాపరానికి వచ్చిన ఏడాది వాళ్లిద్దరూ కలిసి నాటిన చెట్లవి. అవి కూలుతున్నంతసేపూ అక్క ఇంట్లోంచి బయటికి రాలేదు. బరువు మోసే నడిమి చోట ఆ రెండూ వేశాం. తక్కినవి పక్కల్లో వేశాం, వెడల్పు కోసమూ, ఇచ్చినవాళ్ల పరువు కోసమూ. మీద అడ్డబల్లలు బిగించాం.

మంగళవారానికి వంతెన పూర్తయింది. పెద్దాయన టెక్కలిలో ఉన్నాడు. గురువారం వచ్చి రిబ్బను కత్తిరిస్తాడు, ఆయన కారే మొదట ఎక్కాలి. అంతవరకూ ఎవరూ తొక్కకుండా రెండు చివరలా రిబ్బను కట్టి ముళ్లకంప అడ్డం పెట్టాం. ఆహ్వానపత్రం రాసిందీ నేనే.

మధ్యలో బుధవారం ఒకటుందని కొందరికి తట్టలేదు. తట్టినవాళ్లు నోరు విప్పలేదు. నేను రెండో రకం.

ముందురోజు వానకి నీళ్లు నడుముదాకా వచ్చాయి. బుధవారం పొద్దున్న బావ కుర్చీని భుజాలకెత్తుకుని, పొడిగా ఉన్న కొత్త వంతెన పక్కనుంచే నీళ్లలోకి దిగాం. అక్క గట్టున నిలబడి కంప వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. సగం దూరం వెళ్లాక బావ చెయ్యి చాపి, అందుబాటులో ఉన్న పక్క మానుని వేళ్లతో తట్టాడు. చెవి ఒగ్గి విన్నాడు.

"రేపు పెద్దాయనకి సెప్పు బావా, కారు నడిమికే నడపమని. నా సెట్లు రెండూ నడిమినే ఉన్నాయి. పక్కలకెల్తే ఇరిగిపోద్ది, పాపం."

సరేనన్నాను. అంత సిగ్గుపడ్డ రోజు నా జన్మలో మరొకటి లేదు. అయినా ఆ కంప తీసేద్దామన్న ఒక్కమాట నా నోటివెంట రాలేదు. ఆయన కాళ్లు తడవకుండా జాగ్రత్తగా అవతలి ఒడ్డున దించాం.