దూకే బండికి ట్రాక్టరు తెలివి

ఒకాయన తెల్లబట్టలు, ఒక బస్సెడు జనం తినాల్సిన ఇడ్లీలు, మా తమ్ముడి బతుకుదెరువు. ఈ మూడింటినీ ఒకే పూటలో నీళ్ళపాలు, బురదపాలు చేసిన మనిషిని మీరు చూసి ఉండరు. తొందరపడి ఎవరినీ తిట్టుకోకండి, ఆ మనిషిని నేనే. నా చేతులు ఊరికే ఉండవు. పొయ్యి మీద కూర బాగానే ఉడుకుతుంటే మూత తీసి గరిటె పెట్టే రకాన్ని. ఉప్పు సరిపోయిందని నలుగురు చెప్పినా ఇంకో చిటికెడు వేస్తే గానీ నాకు మనసు నిలవదు. ఆ గుణం కూరతో ఆగితే ఇంటికే నష్టం. ఒకసారి కోదాడ దాకా పోయింది.

మా తమ్ముడు నగేశ్ కోదాడలో ఉంటాడు. వాడు అప్పటికే సెల్‌ఫోన్ల దుకాణం పెట్టి మూశాడు, చేపల చెరువు పట్టి వదిలేశాడు. మూడోసారి హైదరాబాదు నుంచి ఒక పాత క్వాడ్ బైక్ తెచ్చాడు. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. మోటారు సైకిలుకు నాలుగు లావు చక్రాలు తగిలించారనుకోండి, అదే. నిలబడి ఉన్నప్పుడు కూడా ఇప్పుడే దూకబోయే కప్పలా ఉంటుంది. దాని పని కూడా దూకడమే. గట్లెక్కి, గుంతలు దాటి, మనిషిని ఎగరేసి మళ్ళీ పట్టుకోవాలి.

హైవే మీద బస్సులు టిఫిన్లకు ఆగే హోటలు ఒకటుంది. దాని వెనక ఖాళీ జాగాలో ఈ బండి తిప్పి, బస్సు దిగిన కుర్రకారును డబ్బులకు ఒక్కో చుట్టు ఎక్కించాలని వాడి ఆలోచన. జాగా హోటలు యజమాని ప్రసాదరావు గారిది. ఆయన మంచివారే గానీ దేన్నీ తన కళ్ళతో చూస్తే తప్ప నమ్మరు. ఆదివారం పొద్దున తానే ఎక్కి చూస్తానని, బాగుంటే జాగా వీడికని, లేకపోతే ఐస్‌క్రీం పెట్టుకుంటానన్న ఇంకొకాయనకని చెప్పారు. మా మరదలు స్వప్న ఇంకో మాట కలిపింది. ఇది కూడా నిలవకపోతే మేళ్లచెరువులో వాళ్ళ అన్న దగ్గరికి పోయి సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు నింపుకోవాలంది. అదీ సంగతి. ఆదివారం ఒక్క పూట మీద వాడి బతుకు వేలాడుతోంది.

బండి బాగానే ఉంది గానీ టైర్లు అరిగి గుండు కొట్టించుకున్నట్టు ఉన్నాయి. కొత్తవి వేయాలి. ఆ జాగా ఒక రకం నేల కాదు. ముందు గట్టి మొరం, తర్వాత సున్నపురాయి ముక్కలు కత్తుల్లా తేలిన గట్టు, చివర కాలువ ఊట దిగే బురద మూల. బండి అమ్మినాయన ఫోనులోనే చెప్పాడట, ఇలాంటి కలగలుపు నేలకు చిన్న గుబ్బల టైర్లు వేసుకో, గాలి తక్కువ పెట్టుకో అని. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ వాడు మా ఊరు పెన్‌పహాడ్ వచ్చి నన్ను అడిగాడు.

నన్నెందుకు అడిగాడంటే, మాకు ట్రాక్టరు ఉంది. నడిపేది నా భర్త సైదులు. టైర్ల సంగతి మాత్రం నాది. నేను అక్షరాలు నేర్చుకున్నది ఈ మధ్యనే. అప్పటికి రావు కాబట్టి టైరు మీద ఏం రాశారో నాకు పని లేదు. బొటనవేలితో ఒత్తి, అరచేత్తో కొట్టి, గుబ్బల మధ్య నాలుగు వేళ్ళు పెట్టి చూసేదాన్ని. వేళ్ళు పూర్తిగా మునిగితే మంచి టైరు. వరి పొలంలో ఈ లెక్క ఎప్పుడూ తప్పలేదు. అందుకని ప్రపంచమంతా వరి పొలమే అనుకున్నాను.

ఇద్దరం సూర్యాపేటలో యాకూబ్ భాయ్ టైర్ల దుకాణానికి పోయాం. ఆయన రెండు రకాలు తెప్పించి పెట్టాడు. ఒకటి చిన్న గుబ్బలు దగ్గర దగ్గరగా ఉన్నది. రెండోది నాలుగు వేళ్ళు మునిగేది. నా చెయ్యి ఎటు పోయిందో మీకు చెప్పనక్కరలేదు.

"అక్కా, అవి ఉత్త బురదకు," అన్నాడు భాయ్. "మీ జాగల బురద ఎంతుంటది?"

"ఒక మూలకు."

"కడమదంత?"

"మొరం, రాళ్ళు."

"మరి సిన్న గుబ్బలయి తీస్కోండ్రి. గట్టి నేలను పట్టుకుంటయి, రాయికి ఆగుతయి. బురదల గూడ ఎట్లనో ఎల్లదీస్తయి."

"బండి మొరంల దిగవడ్తదా భాయ్? దిగవడేది బురదల. దిగవడేకాడికే గదా టైరు కొనేది?"

ఆ మాటలో తప్పేముందో కూర్చుని వెతికితే ఇప్పటికీ దొరకదు. బండి ఎక్కితేనే దొరుకుతుంది. భాయ్ నగేశ్ వైపు చూశాడు. నగేశ్ చిన్న గుబ్బల వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఇగ పెద్దయే కట్టమన్నాడు. చిన్నప్పటి నుంచీ వాడిది అదే అలవాటు. పాపం నాకు, నష్టం వాడికి.

శుక్రవారం కోదాడలో మొదటిసారి తిప్పాడు. మొరం మీద ఆ గుబ్బలు ఒక్కొక్కటే నేలను తన్నుకుంటూ పోతుంటే బండి మీద వాడు జల్లెడలో శనగలా ఊగిపోయాడు. "ఎట్లున్నది తమ్మీ" అని కేకేస్తే, వాడి జవాబు ముక్కలుముక్కలుగా వచ్చింది. గట్టు ఎక్కబోతే వెనక చక్రాలు జారి, రాళ్ళు వెనక్కి విసిరి, ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. దిగి వచ్చి పళ్ళన్నీ ఉన్నాయో లేదో నాలుకతో చూసుకున్నాడు.

అక్కడైనా టైర్లు మార్చాలి కదా. నేను ఆ జాగాలో అటూ ఇటూ తిరిగాను. కూర్చున్నాను, లేచాను. చుట్టూ నడిచి చూశాను. ముందు లేస్తోంది, వెనక జారుతోంది. ఈ రోగం నాకు బాగా తెలుసు. ట్రాక్టరుకు వస్తుంది. దానికి మందు కూడా తెలుసు. మా వైపు దుక్కిలో ట్రాక్టరు జారితే వెనక టైర్లలో నీళ్ళు పోయిస్తాం. బరువుకు నేలను కరుచుకుంటుంది.

"నీళ్ళు పోపిద్దాం," అన్నాను.

"దీనికి నీళ్ళు పోస్తరానే అక్కా ఎవరన్న?"

"ట్రాక్టరుకు పొయ్యరా?"

"గిది ట్రాక్టరు గాదు గద."

"నాలుగు సక్రాలున్నయా, లేవా?"

ఉన్నాయి. వాడేం చేస్తాడు, వెనక చక్రాలు రెండూ విప్పి ఇచ్చాడు.

మాకు ఎప్పుడూ నీళ్ళు పోసే టైర్ల మేస్త్రీ మిర్యాలగూడలో రైసు మిల్లుల పక్కన ఉంటాడు. శనివారం ఆ రెండు వెనక చక్రాలను బస్సులో వేసుకుని పోయాను. మేస్త్రీ వాటిని చూసి, మీ ట్రాక్టరు పిల్లను పెట్టిందా అని అడిగాడు. నవ్వుతూనే పైపు పెట్టాడు. ఒక్కో టైరూ బిందె మీద బిందె తాగింది. పోయేటప్పుడు చంకలో పెట్టుకుపోయిన చక్రాన్ని వచ్చేటప్పుడు ఇద్దరు పట్టి బస్సెక్కించారు. బస్సు కదిలినప్పుడల్లా లోపల నీళ్ళు కదిలాయి. కండక్టరమ్మ టికెట్లు కొట్టుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది.

"ఏందమ్మా ఇవి?"

"బండి టైర్లు."

"టైర్లల్ల గుడగుడ సప్పుడేంది?"

"నీళ్ళు."

ఆమె వంగి ఒక టైరును తట్టి చూసింది. "తాగనీకా?" అంది.

బస్సంతా నవ్వింది. నాకు కోపం వచ్చింది. టైర్ల శాస్త్రం తెలియని జనం అనుకుని కిటికీ వైపు తిరిగాను. హుజూర్‌నగర్ దగ్గర మలుపులో ఒక చక్రం నా చేతిలోంచి జారి, దొర్లుకుంటూ డ్రైవరు దాకా పోయింది. దేవుడు అంత గట్టిగా చెప్పినా నాకు వినబడలేదు.

ఆదివారం పొద్దున నేను ఒక చోట నిలబడలేదు. నట్లు బిగించారా అని చూశాను. మళ్ళీ చూశాను. చీపురు తీసుకుని మొరం ఊడ్చాను. మొరం ఊడ్చేదేమిటి వదినా అని స్వప్న చీపురు లాక్కుంది. అంతలో ప్రసాదరావు గారు వచ్చారు. తెల్ల లాల్చీ, తెల్ల పంచె. అప్పుడే బస్సు ఆగి, జనమంతా వెనక రేకుల షెడ్డులో ఇడ్లీ ప్లేట్లతో కూర్చున్నారు. ఆయన పంచె ఎగ్గట్టి బండి ఎక్కారు.

మొరం మీద బండి కదిలింది. దూకడం కాదు, ఎగరడం కాదు, నిండు చూలాలు నడిచినట్టు నడిచింది. ముందు లేవలేదు, వెనక జారలేదు. "సూసినవా" అని నగేశ్‌ను మోచేత్తో పొడిచాను. నా జీవితంలో అంత గొప్పగా గడిచిన క్షణం అంతకు ముందు లేదు. కాసేపటికి ఆ క్షణం కూడా మిగల్లేదు.

రాళ్ళ గట్టు షెడ్డు పక్కనే. పెద్ద గుబ్బల మధ్య ఎడం ఎక్కువ, ఆ ఎడంలో రబ్బరు పలచన. ఒక సున్నపురాయి ముక్క సరిగ్గా అక్కడ దిగింది. గాలి టైరైతే తుస్సుమని ఊరుకునేది. ఇది బోరు పడ్డట్టు చిమ్మింది. చక్రం తిరిగిన కొద్దీ ధార తిరిగింది. పైకి, షెడ్డు మీదికి, కిందికి, మళ్ళీ పైకి. ఇడ్లీలు తడిశాయి, చట్నీ పలచనైంది, ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకునేసరికి రెండో వాయి పడింది. జనం లేచి అరిచారు. ప్రసాదరావు గారికి వెనక జరిగేది కనిపించదు కదా. తనను మెచ్చుకుంటున్నారనుకుని ఒక చెయ్యి పైకెత్తి ఊపి, ఇంకాస్త వేగం పెంచారు.

పెంచి నేరుగా బురద మూలలోకి పోయారు. అక్కడ నా టైర్లు తమకు వచ్చిన పని మొదలుపెట్టాయి. తవ్వడం. ఆయన వేగం పెంచే కొద్దీ అవి లోపలికి తవ్వి, బురదను ఆయన మొహం దాకా ఎగజిమ్మాయి. రెండో టైరులో నీళ్ళు నిండుగా ఉన్నాయి కాబట్టి బండి ఆ పక్కకు ఒరిగి, గేదె పడుకున్నట్టు నెమ్మదిగా పడుకుంది. ఆయన దిగారు. మోకాళ్ళ దాకా దిగారు. ఒక చెప్పు ఇప్పటికీ అక్కడే ఉంది.

నడిచి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు.

"టైర్లలో నీళ్ళు పోయించింది ఎవరు?" అని అడిగారు.

"నేనే సర్," అన్నాడు నగేశ్.

వాడి మొహం చూశాను. లారీలు నింపడానికి అప్పుడే బయలుదేరినట్టు ఉంది. స్వప్న తల దించుకుంది. నోరు మూసుకుంటే నా పరువు దక్కేది. కానీ ఈసారి ఊరుకోనిది చేతులు కాదు, నోరు.

"వాడు గాదు సారూ, నేను. టైర్లు గూడ నేనే ఏరిన. వాడు వద్దనే అన్నడు."

ఆయన నా వైపు తిరిగారు. "ట్రాక్టరు ఉందా అమ్మా మీకు?"

"ఉన్నది సారూ."

"దాంతో ఏం చేస్తారు?"

"దున్నుతం."

ఆయన బురద మూల వైపు చూశారు. బండి వెనక రెండు చాళ్ళు, లోతుగా, తిన్నగా పడి ఉన్నాయి.

"ఇవాళ నాతోనూ అదే చేయించారు. చాళ్ళు మాత్రం బాగా వచ్చాయండి," అన్నారు.

మొదట నవ్వింది స్వప్నే. తర్వాత షెడ్డులో తడిసిన జనం నవ్వారు. ఆయన మొహం మీద బురద పగిలింది, అంటే ఆయన కూడా నవ్వారన్నమాట. వచ్చే ఆదివారం ఇంకోసారి చూస్తానన్నారు. ఈసారి టైర్లు నగేశ్ ఒక్కడే కొనాలన్నారు.

నగేశ్ యాకూబ్ భాయ్ దగ్గరికి పోయి చిన్న గుబ్బలవి తెచ్చాడు, గాలి తక్కువ పెట్టాడు. ఆ ఆదివారం ప్రసాదరావు గారు గట్టెక్కి దూకి, బురద దాటి వచ్చి, దిగమంటే దిగకుండా మళ్ళీ పోయారు. నేనా? ఆయన నన్ను హోటలు వంటింట్లో కూర్చోబెట్టి, చేతులకు పని ఉండాలని ఒలవాల్సిన వెల్లుల్లి గంప ముందు పెట్టి పోయారు. దూకే చప్పుడు వినడమే గానీ చూడలేదు. జాగా మాత్రం మా తమ్ముడికి దక్కింది.

కనుక మా ట్రాక్టరు స్టీరింగు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసి రాస్తున్నాను. దూకే బండికి ఇక ఈ జన్మలో నీళ్ళు తాపను. ఎవరైనా టైర్ల గురించి అడిగితే మీ నేల ఎలాంటిదని ఒక్క మాట అడిగి, ఆ తర్వాత నోరు మూసుకుంటాను.

ఇంతవరకు చదివి వినిపిస్తే సైదులు అడిగాడు, "నోరు మూసుకునుడు గూడ నిజంగనే రాసినవా?" అని.

రాశాను. మీరే చూడండి, పైన ఉంది.